రంగురంగుల సూర్యుడు: శాటిలైట్ ఫోటోల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఒక చిన్న పేరా రాశాను, సూర్యుడు ఇప్పుడు ఎలా ఉన్నాడో ఎవరైనా సరే ఫోన్‌లో చూసుకోవచ్చు, శాటిలైట్లు తీసిన ఫోటోలు రోజూ ఆన్‌లైన్‌లో పెడుతున్నారు అని. ఆ నాలుగు లైన్లకి ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. ఒకేలాంటివి కలిపేసి ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నా.

సైట్‌లో చూస్తే సూర్యుడు ఒక ఫోటోలో బంగారం రంగు, ఇంకోదాంట్లో ఆకుపచ్చ, ఇంకోదాంట్లో ఊదా. మా అన్నయ్య ఇదంతా ఫోటోషాప్ అంటున్నాడు. అసలు సూర్యుడి రంగేంటండీ?
– ఇంటర్ విద్యార్థిని

ముందు ఒక మాట చెప్తానమ్మా, ఆ కెమెరాలు తీసేవన్నీ బ్లాక్ అండ్ వైట్ ఫోటోలే. రంగు తర్వాత వేస్తారు. అలాగని మీ అన్నయ్య అన్నట్టు అది మోసం కాదు, ఎందుకో చూడు.

మనం రోజూ చూసే ఫోటోల్లో ఎక్కువ భాగం ఎస్‌డీఓ అనే నాసా శాటిలైట్‌వి, 2010 ఫిబ్రవరి 11న పంపారు దాన్ని. అందులో ఏఐఏ అని నాలుగు టెలిస్కోపుల సెట్ ఉంది, అది పది రకాల కాంతిలో సూర్యుణ్ణి తీస్తుంది. ఒక్కోసారి ఒక్క సన్నటి ముక్క కాంతిని మాత్రమే లోపలికి రానిచ్చి మిగతాదంతా ఆపేస్తుంది. వాటిలో ఎక్కువ భాగం తీవ్ర అతినీలలోహిత కాంతి, అంటే మన కంటికి అస్సలు కనపడనిది. కనపడని కాంతికి రంగేముంటుంది చెప్పు? అందుకని సైంటిస్టులు ఒక్కో వేవ్‌లెంగ్త్‌కి ఒక్కో రంగు కేటాయించుకున్నారు, చూడగానే ఇది ఫలానా ఛానెల్ అని తెలియడానికి. 171 ఆంగ్‌స్ట్రామ్ (కాంతి వేవ్‌లెంగ్త్‌ని కొలిచే చాలా చిన్న కొలమానం) అంటే బంగారం, 304 అంటే ఎరుపు, 211 ఊదా, 94 ఆకుపచ్చ, 335 నీలం. ఈ రంగులు ఒప్పందం మాత్రమే అనడానికి సాక్ష్యం కావాలంటే పాత సోహో శాటిలైట్ ఫోటోలు తెరిచి చూడు, అక్కడ అదే 171 నీలం రంగులో ఉంటుంది! కాంతి అదే, సూర్యుడూ అతనే, టీమ్ వేరు కాబట్టి రంగు వేరు.

మరి పది ఛానెళ్ళు ఎందుకు అంటే ఒక్కోటి ఒక్కో వేడిని చూపిస్తుంది. 304లో కనిపించేది హీలియం, దాదాపు 50 వేల డిగ్రీల దగ్గరది, అంచుల్లో మంటలు ఎగిసినట్టు ఉండేవి ఇందులోనే బాగా తెలుస్తాయి. 171లో కనిపించేది 6 లక్షల డిగ్రీల దగ్గర ఎనిమిది ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఐరన్ (ఇనుము ముక్కలు అనుకోవద్దు, అంతా వాయువు కంటే వేడెక్కిపోయిన ప్లాస్మా). ఆ ఫోటోలో వంపులు తిరిగిన దారాల్లాంటివి కనిపిస్తాయి చూడు, అవి అయస్కాంత క్షేత్రం గీసిన గీతలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఛానెల్ అదే, ఎంత సేపు చూసినా విసుగు రాదు. 193 దగ్గర 12 లక్షల డిగ్రీలు, 94 దగ్గర 60 లక్షలు, ఇది సౌర జ్వాల లేచినప్పుడే బాగా వెలుగుతుంది. అంటే ఒకే మనిషికి ఎక్స్‌రే, స్కానింగ్, మామూలు ఫోటో మూడూ తీస్తే మూడూ వేరేగా ఉంటాయి కదా, అలాగ.

అసలు రంగు అడిగావు. అంతరిక్షంలోంచి చూస్తే తెలుపు. పొద్దున, సాయంత్రం ఎర్రగా కనపడేది మన గాలి పొర చేసే పని.

లైవ్ అని రాస్తారు, నిజంగా లైవేనా? అక్కడ తీసిన ఫోటో మా ఫోన్‌లోకి ఎలా వస్తోంది, మధ్యలో ఎవరెవరి చేతులు పడతాయి?
– రిటైర్డ్ లెక్కల మాస్టారు

మాస్టారూ, మీ ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది, ఈ దారి గురించి ఎవరూ అడగరు. టీవీలో క్రికెట్ లైవ్ లాంటిది కాదు, కానీ చాలా దగ్గర. కాంతి సూర్యుడి నుంచి భూమి దగ్గరికి రావడానికే 8 నిమిషాల 20 సెకన్లు, అది మనం తగ్గించలేం. ఆ తర్వాత జరిగేది చెప్తా.

ఎస్‌డీఓ భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రం మీదుగా వంపుగా తిరుగుతూ ఉంటుంది. ఎందుకు అక్కడే అంటే కింద వైట్ శాండ్స్ అనే చోట 18 మీటర్ల డిష్‌లు రెండు దానికోసమే పెట్టారు. ఈ శాటిలైట్‌లో ఫోటోలు దాచుకునే రికార్డర్ లేదు, తీసింది తీసినట్టు కిందకి పంపేయాల్సిందే, సెకనుకి దాదాపు 13 కోట్ల బిట్లు, రోజు మొత్తం మీద ఇంచుమించు 1.5 టెరాబైట్లు. అతినీలలోహిత ఛానెళ్ళు ఒక్కోటి 12 సెకన్లకోసారి ఒక ఫోటో, ఒక్కో ఫోటో 4096 పిక్సెల్స్ అడ్డం, 4096 నిలువు. సూర్యుడి మీద ఒక్కో పిక్సెల్ దాదాపు 435 కిలోమీటర్లు. మన భూమిని తీసుకెళ్ళి ఆ ఫోటోలో పెడితే 29 పిక్సెల్స్ వెడల్పున ఒక చిన్న చుక్క అవుతుంది, లెక్క మీరే సరిచూసుకోండి, సూర్యుడి అడ్డుకొలత భూమికి 109 రెట్లు.

వైట్ శాండ్స్ నుంచి ఏఐఏ ఫోటోలు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి వెళ్తాయి. అక్కడ మొదట కెమెరా సొంత గోల తీసేస్తారు, అంటే వెలుగు పడకపోయినా చిప్‌లో కాస్త కరెంటు పుడుతుంది, దాన్ని కొలిచి తీసేస్తారు. పాడైన పిక్సెళ్ళు సరిచేస్తారు. కణాలు తగిలి పడ్డ తెల్ల చుక్కలు తుడిచేస్తారు. నాలుగు టెలిస్కోపుల ఫోటోలూ ఒకే సైజుకి తెచ్చి, ఉత్తరం పైకి ఉండేలా తిప్పుతారు. ఇక అసలు చిక్కు ఇక్కడుంది, కెమెరా ఒక్కో పిక్సెల్‌కి 16,384 మెట్ల వెలుగు కొలుస్తుంది, మన ఫోన్‌లో మామూలు ఫోటోకి ఒక్కో రంగులో 256 మెట్లే. చీకటి గదిలో వెలుగుతున్న బల్బుని ఫోటో తీస్తే బల్బు తెల్ల ముద్దలా, గది నల్లగా వస్తుంది కదా, సూర్యుడితోనూ అంతే, జ్వాల వచ్చిన చోటు తెల్లగా కాలిపోయి మిగతాదంతా మాయమవుతుంది. అందుకని లాగరిథమ్ లాంటి లెక్కతో వెలుగుని నొక్కుతారు, మసకగా ఉన్నది పైకి తెచ్చి మరీ వెలుగుగా ఉన్నది కిందకి దించి. ఆ తర్వాత రంగు వేసి, మూలన తేదీ టైము రాసి సైట్‌లో పెడతారు. ఇదంతా కంప్యూటర్లే చేస్తాయి, చాలాసార్లు అరగంట లోపే మన ఫోన్‌లో ఉంటుంది.

ఒకప్పుడు ఇలా లేదు. 1973లో స్కైలాబ్ మీద సూర్యుడి టెలిస్కోపులు పెట్టినప్పుడు అవి ఫిల్మ్ మీద తీసేవి, వ్యోమగాములు స్పేస్ సూట్ వేసుకుని బయటికి వెళ్ళి ఆ ఫిల్మ్ డబ్బాలు చేత్తో తీసుకొచ్చి, భూమికి తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకునేవాళ్ళు. 1991లో జపాన్ పంపిన యోకో శాటిలైట్ ఎక్స్‌రే ఫోటోలు తీసింది, వాటిని 1990ల్లోనే స్కూలు పిల్లల కోసం ఇంటర్నెట్‌లో పెట్టారు. 1995 డిసెంబర్ 2న సోహో వెళ్ళాక రోజూ ఫోటో పెట్టడం అలవాటైపోయింది. సైంటిస్టు ఇవాళ పొద్దున చూసిన ఫోటోనే మీరూ నేనూ ఇవాళే చూడగలగడం, అదీ పైసా కట్టకుండా, నాకు ఇప్పటికీ పెద్ద విషయంగానే అనిపిస్తుంది.

సోహో ఫోటోల్లో సూర్యుడి పక్కన రెక్కలున్న పళ్ళెం లాంటిది కనిపించింది, స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. కొన్నిరోజులు ఫోటోలే రావు, మధ్యలో సగం సూర్యుడు నల్లగా ఉంటాడు. వీళ్ళు మన దగ్గర ఏదో దాస్తున్నారని నా అనుమానం.
– ఒక పాఠకుడు

మీ స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూశానండి. నీలం రంగులో ఉంది, మధ్యలో గుండ్రటి మూత, ఆ మూతలో తెల్ల వలయం. అంటే అది సోహోలో లాస్కో అనే పరికరం, సీ3 కెమెరా. మధ్యలో మూత కావాలనే పెట్టింది, సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు అడ్డొస్తే చుట్టూ కరోనా, అంటే సూర్యుడి బయటి పలచటి పొర, కనపడుతుంది కదా, ఆ చంద్రుడి పని ఈ మూత చేస్తుంది. తెల్ల వలయం సూర్యుడు ఎంత ఉంటాడో చూపించడానికి కంప్యూటర్ గీసింది.

ఇక రెక్కల సంగతి. కెమెరా చిప్‌లో ఒక్కో పిక్సెల్ చిన్న గ్లాసు అనుకోండి, వెలుగు పడేకొద్దీ అందులో ఎలక్ట్రాన్లు నిండుతాయి. ఈ కెమెరా చాలా మసకగా ఉండే కరోనాని తీయడానికి చేసింది కాబట్టి శుక్రుడో గురుడో ఆ ఫ్రేములోకి వస్తే గ్లాసు నిండిపోయి పక్క గ్లాసుల్లోకి పొర్లుతుంది, అది కూడా ఒకే వరసలో పొర్లుతుంది. అందుకే గ్రహానికి అటూ ఇటూ అడ్డంగా తెల్ల గీత, మీరు రెక్కలన్నది అదే. పరీక్ష చేసుకోవడం సులువు. అదే కెమెరావి నాలుగైదు రోజుల ఫోటోలు వరసగా తీయండి, ఆ వస్తువు నెమ్మదిగా ఒకే దారిలో జరుగుతూ ఉంటుంది, రెక్కలు మాత్రం ఎప్పుడూ అడ్డంగానే ఉంటాయి, వంగవు. ఎగిరే వస్తువైతే ఎప్పుడైనా తిరగాలి కదా.

ఫోటోలు ఆగిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, కొన్ని ముందే చెప్పేవి, కొన్ని అనుకోకుండా వచ్చేవి. ఎస్‌డీఓకి ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి దాదాపు మూడు వారాలు, గ్రహణాల సీజన్ వస్తుంది. రోజులో కాసేపు, ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు, భూమి దానికీ సూర్యుడికీ మధ్య అడ్డొస్తుంది. మీరన్న సగం నల్ల సూర్యుడు అదే అయ్యుండాలి. కొన్నిసార్లు భూమి కాదు, చంద్రుడు అడ్డొస్తాడు. రెండిటికీ తేడా ఫోటోలోనే తెలిసిపోతుంది, ఇది నేను మొదటిసారి గమనించిన రోజు చాలాసేపు ఆ ఫోటో ముందే కూర్చుండిపోయాను: చంద్రుడి అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, పెద్దది చేస్తే కొండల గరుకు కూడా తెలుస్తుంది, భూమి అంచు మాత్రం అలుక్కుపోయినట్టు మసకగా ఉంటుంది. ఎందుకంటే భూమికి గాలి ఉంది, ఆ గాలి పొర సూర్యుడి అతినీలలోహిత కాంతిని కొంచెం కొంచెంగా మింగేస్తుంది. మనల్ని కాపాడే గాలి పొరని అలా అంచు మీద కళ్ళతో చూడొచ్చు.

సోహో కథ వేరు. 1998 జూన్‌లో దానితో సంబంధం పూర్తిగా తెగిపోయింది, నెలల తరబడి కష్టపడి తిరిగి తెచ్చుకున్నారు. 2003లో దాని పెద్ద యాంటెన్నా తిరగకుండా బిగుసుకుపోయింది, అప్పట్నుంచి మూడు నెలలకోసారి శాటిలైట్‌నే తలకిందులుగా తిప్పుకుంటూ వాడుతున్నారు, ఆ రోజుల్లో డేటా తగ్గుతుంది. ఇక 2024 నవంబర్ 26న స్టాన్‌ఫర్డ్‌లో సర్వర్ల గదికి చల్లటి నీళ్ళు వెళ్ళే పైపు పగిలి గది మునిగింది, చాలా రోజులు ఏఐఏ ఫోటోలు ఆగిపోయాయి. శాటిలైట్ పైన బాగానే ఉంది, కింద నీళ్ళు. అప్పుడు కూడా ఇదే అనుమానం చాలామందికి వచ్చింది, కానీ విషయం వాళ్ళ సైట్‌లోనే రాసి పెట్టారు. మీ అనుమానాన్ని తప్పు పట్టను, అడగటం మంచిదే, అడిగాక ఆ నోటీసు కూడా ఒకసారి చదవండి.

అన్నట్టు, ఎప్పుడైనా లాస్కో ఫోటో నిండా మంచు కురిసినట్టు తెల్ల చుక్కలు కనపడితే, అది సూర్యుడి మీద పేలుడు జరిగి ప్రోటాన్లు వచ్చి కెమెరా చిప్‌కి తగులుతున్న గుర్తు.

ఈ ఫోటోలు రోజూ స్క్రీన్ మీద చూస్తే పిల్లల కళ్ళకి ప్రమాదమా?
– ఒక తల్లి

కాదమ్మా. అది స్క్రీన్ వెలుగే, సూర్యుడి వెలుగు కాదు. ప్రమాదం బయట ఉంది, సోలార్ ఫిల్టర్ లేకుండా సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకండి, బైనాక్యులర్‌తో అయితే అసలే వద్దు, క్షణంలో కన్ను పోతుంది.

మన ఆదిత్య-ఎల్1 వెళ్ళి ఇన్నాళ్ళయింది, దాని ఫోటోలు నాసా వాటిలా రోజూ ఎందుకు కనపడవు? ఎక్కడ చూడాలి?
– డిగ్రీ ఫిజిక్స్ విద్యార్థి, ఇంకా ఆరుగురు

ఏడుగురు అడిగారు కాబట్టి కాస్త వివరంగా. ఆదిత్య-ఎల్1ని 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద పంపారు, 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలోకి చేరింది. ఎల్1 అంటే భూమికీ సూర్యుడికీ మధ్య, రెండిటి ఆకర్షణా కుదిరి శాటిలైట్ నిలకడగా ఉండగలిగే చోటు, మన నుంచి 15 లక్షల కిలోమీటర్లు, సోహో ఉన్నదీ అక్కడే. భూమి అడ్డురాదు, సూర్యుడు 24 గంటలూ కనపడతాడు, అది లాభం. దూరం ఎక్కువ కాబట్టి డేటా వచ్చే దారి సన్నం, అది నష్టం. ఎస్‌డీఓలాగా పన్నెండు సెకన్లకోసారి పది ఛానెళ్ళు కుమ్మరించడం అంత దూరం నుంచి కుదరదు, ఇది ముందు అర్థం చేసుకోవాలి, పోల్చడం అన్యాయం.

అందులో ఫోటోలు తీసేవి ముఖ్యంగా రెండు. పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన కేంద్రం వాళ్ళ నాయకత్వంలో చేసిన సూట్, ఇది 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య 11 ఫిల్టర్లతో పూర్తి సూర్యుణ్ణి తీస్తుంది. ఇంత వెడల్పు అతినీలలోహిత పట్టీలో ఇలా వేరే ఎవరూ తీయట్లేదు, 2023 డిసెంబర్‌లో మొదటి ఫోటోలు వచ్చినప్పుడు అందుకే అంత సంబరం. 2024 ఫిబ్రవరి 22న వచ్చిన ఎక్స్6.3 (ఎక్స్ అంటే అన్నిటికంటే తీవ్రమైన తరగతి) జ్వాలని కూడా ఇది పట్టుకుంది. రెండోది బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ చేసిన వెల్క్, ఇది కరోనాని చూసేది.

డేటా 2025 జనవరి 6 నుంచి అందరికీ ఇస్తున్నారు. ఇస్రో డేటా సెంటర్‌వాళ్ళ ప్రదాన్ అనే పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే దించుకోవచ్చు. కాకపోతే అవి ఫిట్స్ ఫైళ్ళు, గ్యాలరీలో తెరుచుకునే జేపెగ్ కాదు. నీకు పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష) కాస్త వస్తే సన్‌పై అనే ఉచిత ప్యాకేజీ ఉంది, దాంతో తెరువు, వెలుగు మెట్లు నువ్వే నొక్కు, రంగు నువ్వే వెయ్యి. పై జవాబులో మాస్టారికి చెప్పానే, ఆ పనంతా నీ చేత్తో చేస్తావు.

నా అభిప్రాయం దాచకుండా చెప్తాను. రీసెర్చ్ చేసేవాళ్ళకి ఈ పోర్టల్ చాలు. ఎనిమిదో క్లాసు పిల్లకి చాలదు. రోజుకి ఒక్క సూట్ ఫోటో, రంగు వేసి, కింద తెలుగు, హిందీ, తమిళం ఇలా అన్ని భాషల్లో రెండు లైన్లు రాసి పెడితే ఎంతమంది పిల్లలు దాన్ని రోజూ తెరిచి చూస్తారో. ఆ పని జరగాలని మనసారా కోరుకుంటున్నాను.

చూడ్డానికి బాగున్నాయి సరే, మామూలు మనిషికి వీటితో పనేంటి?
– చిన్న వ్యాపారి

మీరు వాడే జీపీఎస్, విమానాల రేడియో, కరెంటు గ్రిడ్డు, శాటిలైట్లు, వీటన్నిటికీ సూర్యుడి మూడ్‌తో సంబంధం ఉంది. 2022 ఫిబ్రవరిలో ఓ మోస్తరు సౌర తుఫానుకే పైన గాలి ఉబ్బి, అప్పుడే వదిలిన 49 ఇంటర్నెట్ శాటిలైట్లలో దాదాపు 40 పడిపోయాయి. సూర్యుడి నుంచి ఎగిసిన పదార్థం భూమిని చేరడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, ఆ బయల్దేరడాన్ని ముందుగా చూసేది ఈ కెమెరాలే, అదే మనకి దొరికే టైము.

2024 మే నెల గుర్తుందా? 13664 అని నంబరు ఇచ్చిన మచ్చల గుంపు, దాదాపు 15 భూములు పక్కపక్కన పెట్టినంత వెడల్పు, వరసపెట్టి పేలింది. ఆ వారం నేను రోజుకి పదిసార్లు ఫోటోలు తెరిచాను. లాస్కోలో సూర్యుడి చుట్టూ పూర్తి వలయంలాగా మబ్బు వ్యాపించింది, అలా నాలుగు పక్కలా సమానంగా వ్యాపిస్తే ఒకటే అర్థం, అది మన వైపు వస్తోంది (లేదా సరిగ్గా అవతలికి పోతోంది, అది తేల్చడానికి ఎస్‌డీఓ ఫోటోలో ఇటువైపు పేలుడు ఉందో లేదో చూడాలి). అమెరికా వాతావరణ సంస్థ ముందే హెచ్చరిక ఇచ్చింది, మే 10న తుఫాను తాకింది, 2003 తర్వాత ఆ స్థాయిది అదే మొదటిసారి. లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రగా మెరిసింది.

ఇంకోటి, మామూలు మనుషుల పని ఇందులో చాలా ఉంది. సోహో తోకచుక్కల కోసం పంపింది కాదు, కానీ లాస్కో ఫోటోల్లో సూర్యుడి దగ్గరికొచ్చే చిన్న చిన్న తోకచుక్కలు కనపడతాయి. ఫోటోలు అందరికీ పెట్టేయడం వల్ల ఎక్కడెక్కడి వాళ్ళో ఇంట్లో కూర్చుని వెతకడం మొదలెట్టారు. 2024 మార్చిలో 5,000వ తోకచుక్క దొరికింది. సింహభాగం కనిపెట్టింది ఔత్సాహికులే. ఫోటోలు లాబొరేటరీలోనే దాచుకుని ఉంటే వాటిలో ఎన్నో ఎవరి కంటా పడకుండా పోయేవి. మీకు రాత్రి షాపు మూసాక అరగంట ఖాళీ ఉంటే మీరూ వెతకొచ్చు, సన్‌గ్రేజర్ ప్రాజెక్ట్ అని ఉంది, ఎలా వెతకాలో అన్నీ అందులో రాసి ఉంటాయి.

వాట్సాప్‌లో వచ్చే సూర్యుడి ఫోటో నిజమో కాదో ఎలా తెలుస్తుంది? మొన్న "ఈరోజు నవ్వుతున్న సూర్యుడు" అని ఒకటొచ్చింది.
– గృహిణి

అది నిజం ఫోటోనేనండీ, కానీ ఈరోజుది కాదు. 2022 అక్టోబర్ చివర్లో ఎస్‌డీఓ తీసింది. కళ్ళు, నోరు లాగా కనపడే నల్ల భాగాల్ని కరోనల్ హోల్స్ అంటారు, అక్కడ అయస్కాంత గీతలు బయటికి తెరుచుకుని ఉంటాయి, వేగమైన సౌర గాలి (సూర్యుడి నుంచి ఎగిరొచ్చే కణాల ప్రవాహం) అక్కణ్ణుంచే వస్తుంది. ఇలాంటిదే 2014 అక్టోబర్ 8న తీసిన మండే ముఖం ఫోటో ఒకటి ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాటిలో అబద్ధం ఫోటోల కంటే నిజం ఫోటోకి అబద్ధం తేదీ పెట్టినవే ఎక్కువ.

ఎడమ పక్క కింద మూల చూడండి. ఎస్‌డీఓ ఫోటోలో పరికరం పేరు, వేవ్‌లెంగ్త్, తేదీ, టైము రాసి ఉంటాయి. ఆ టైము యూటీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం, దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన టైము. ఆ మూల కత్తిరించేసిన ఫోటో వస్తే ఎంత అందంగా ఉన్నా నేను ముందుకి పంపను. మూల ఉంటే హీలియోవ్యూయర్ అనే సైట్ తెరిచి అదే తేదీ, అదే టైము, అదే ఛానెల్ పెట్టండి, ఎస్‌డీఓ, సోహోల పాత ఫోటోలు అందులో దొరుకుతాయి, పక్కన పెట్టి చూసుకుంటే రెండు నిమిషాల పని. మీరే ఫోటో పంచుకుంటుంటే ఆ మూల అలాగే ఉంచి, ఎవరు తీశారో పేరు రాయండి.

సూర్యుడి శబ్దం అని ఆడియో వింటున్నాం, నిజమేనా?
– ఆటో డ్రైవర్

మైకుతో రికార్డు చేసింది కాదండి, అంతరిక్షంలో శబ్దం రాదు. సూర్యుడి ఉపరితలం దాదాపు 5 నిమిషాలకోసారి పైకీ కిందకీ ఊగుతుంది, ఆ ఊపుని సోహో కొలిచింది. 40 రోజుల కొలతలు తీసుకుని 42 వేల రెట్లు వేగం పెంచితే మన చెవికి వినపడే గుంయ్‌మనే మోత అయింది. కొలత నిజం, వేగం మనం పెంచింది.

మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. ఈ ఫోటోలతో ఇంట్లో చేసుకునే ప్రాజెక్ట్ ఏదైనా చెప్పండి, ఊరికే ప్రింట్ తీసి అట్టకి అంటించేది కాకుండా.
– ఒక తండ్రి

ఒకటి చెప్తాను, నెల పడుతుంది, ఓపిక ఉండాలి. ఎస్‌డీఓ సైట్‌లో హెచ్‌ఎంఐ ఇంటెన్సిటీగ్రామ్ అని ఉంటుంది, అది మామూలు కాంతిలో తీసిన సూర్యుడు, సాదా గుండ్రటి బిళ్ళ మీద నల్ల మచ్చలు కనపడతాయి. రోజూ ఒకే టైముకి ఒక ఫోటో దించుకోమనండి. ఒక తెల్ల కాగితం మీద వృత్తం గీసి రోజూ ఒక మచ్చ ఎక్కడుందో చుక్క పెట్టి పక్కన తేదీ రాయాలి. మచ్చలు ఎడమ నుంచి కుడికి జరుగుతాయి. మొదట అంచు దగ్గర రోజుకి కాస్తే జరిగినట్టుంటుంది, మధ్యకొచ్చేసరికి పెద్ద అడుగులేస్తుంది, మళ్ళీ కుడి అంచు దగ్గర నెమ్మదిస్తుంది. మచ్చ వేగం మారలేదు మరి, ఎందుకలా? ఈ ప్రశ్న మీరు చెప్పకండి, ఆమెనే అడగనివ్వండి. చేతిలో ఒక బంతి పెట్టి దాని మీద చుక్క గీసి తిప్పమంటే జవాబు తనకే దొరుకుతుంది, సూర్యుడు పళ్ళెం కాదు గోళం అని తన చుక్కలతోనే తేలుతుంది.

అంచు నుంచి అంచుకి దాదాపు 13 రోజులు, అక్కడ మాయమవుతుంది. పెద్ద మచ్చైతే, మధ్యలో చెదిరిపోకపోతే, ఇంకో రెండు వారాలకి ఎడమ అంచున మళ్ళీ కనపడుతుంది. మే నెల తుఫాను తెచ్చిన 13664 అలాగే తిరిగొచ్చింది, అప్పుడు దానికి 13697 అని కొత్త నంబరు ఇచ్చారు. పొద్దున్నే ఫోటో తెరిచి ఎడమ అంచున సన్నటి నల్ల గీతలాగా మీ మచ్చ మళ్ళీ కనిపించిన రోజు మీ అమ్మాయి ఏమందో నాకు రాయండి, ఈ పేజీలోనే వేస్తాను.